గేర్ బాక్స్ దింపే ముందు బండి కింద ఒక తీగ వెతకండి

హోస్కోటె తమ్ముడు అడిగిన విషయం ఇది. 2008 మోడల్ డీజిల్ పికప్, మెకానికల్ పంపు, హైడ్రాలిక్ క్లచ్. కోలారు, చింతామణి వైపు నుంచి టమోటా వేసుకుని బెంగళూరు వస్తారు. పొద్దున్నే తాళం తిప్పితే 'టక్' అని ఒకే ఒక్క శబ్దం వస్తుంది, ఇంజిన్ కదలదు. ఆ సమయంలో హెడ్‌లైట్ వెలుగు తగ్గదు, హారన్ మామూలుగానే మోగుతుంది. ఇద్దరు తోస్తే సెకండ్ గేర్‌లో వెంటనే అందుకుంటుంది. ఇంజిన్ వేడెక్కాక మాత్రం ఎక్కువసార్లు సెల్ఫ్‌లోనే స్టార్ట్ అవుతుంది. రెండో బాధ గేర్లది. బెంగళూరు టిన్ ఫ్యాక్టరీ కూడలి దగ్గర ట్రాఫిక్‌లో నిలబడితే ఫస్ట్, రివర్స్ గీరుమంటాయి, పడవు. క్లచ్ రెండు మూడుసార్లు గబగబా తొక్కితే పడతాయి. ఇంజిన్ ఆపితే గేర్లన్నీ మెత్తగా పడతాయి. మెకానిక్ చూసి కొత్త బ్యాటరీ, కొత్త సెల్ఫ్ మోటార్, గేర్ బాక్స్ ఓవర్‌హాల్ అని పెద్ద లెక్క చెప్పాడు. చివర్లో మాటవరసకు ఇంకో రెండు విషయాలు రాశారు: పోయిన ఏడాది క్లచ్ ప్లేటు మార్చారు, ఆ తర్వాత యాక్సిలరేటర్ కేబుల్ పట్టేస్తే రెండుసార్లు కొత్తది వేశారు.

తమ్ముడూ, మీరు మాటవరసకు రాసిన ఆ రెండు సంగతులే నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపిస్తున్నాయి. ఎన్నో ఏళ్లు ఓల్డ్ మద్రాస్ రోడ్డు పక్కన పికప్‌లు, చిన్న లారీలు చూసే షెడ్డులో పనిచేశాను. పాత బండిలో ఒకదానికొకటి పొంతన లేని రెండు తప్పులు ఒకే కాలంలో మొదలైతే, చివరిసారి ఆ బండి మీద ఎవరి చెయ్యి పడింది, ఏం విప్పారు అని ముందు అడుగుతాం. మీ బండిలో చివరి పెద్ద పని క్లచ్. క్లచ్ మార్చాలంటే గేర్ బాక్స్ దించాలి. దింపేవాడు ఏమేం విప్పుతాడో వరసగా తలచుకుంటే మీ రెండు కష్టాలూ ఆ వరసలోనే దొరుకుతాయి.

ముందు స్టార్టింగ్ సంగతి. డీజిల్ పంపు, ఇంజెక్టర్లు, హీటర్ ప్లగ్గుల జోలికి ఇప్పుడు వెళ్లకండి. తోసిన వెంటనే అందుకుంటోందంటే డీజిల్ అందుతోంది, కంప్రెషన్ ఉంది. డీజిల్ లైన్లో గాలి చేరితే ఎంత తోసినా దగ్గదు, సైలెన్సర్‌లో పొగ కూడా రాదు. తెల్లపొగ వస్తూ అందుకోకపోతే డీజిల్ వెళ్తోంది కానీ మండటం లేదని. మీకు ఈ రెండూ లేవు. మీ కష్టమంతా ఇంజిన్‌ను తిప్పే దగ్గరే.

'టక్' శబ్దాన్ని జాగ్రత్తగా వినాలి. తాళం తిప్పగానే టకటకటక అని వరసగా కొట్టుకుంటే దాదాపు ఎప్పుడూ బ్యాటరీ దిగిపోయిందనో, టెర్మినల్ వదులుగా ఉందనో అర్థం. అప్పుడు లైట్లు కూడా చచ్చిపోతాయి. అసలు శబ్దమే రాకపోతే ఇగ్నిషన్ స్విచ్, రిలే, ఫ్యూజ్, సోలనాయిడ్‌కు (సెల్ఫ్‌కు కరెంటు కలిపే అయస్కాంతపు స్విచ్) వెళ్లే సన్న వైరు చూడాలి. జుయ్‌మని మోటార్ తిరిగి ఇంజిన్ తిరగకపోతే సెల్ఫ్ పళ్లను ఇంజిన్‌కు తగిలించే బెండిక్స్ జారుతోంది, లేదా ఇంజిన్ వెనకుండే ఫ్లైవీల్ చక్రం మీది రింగ్ గేర్ పళ్లు అరిగాయి. మీరు చెప్పిన ఒక్క గట్టి 'టక్', దాంతోపాటు తగ్గని లైట్లు వేరే కథ. సోలనాయిడ్ లాగుతోంది, కానీ మోటార్ తిరగడానికి కావాల్సినంత కరెంటు దారిలో ఎక్కడో ఆగిపోతోంది. కరెంటు నిజంగా పారి ఉంటే బ్యాటరీ మీద బరువు పడి లైట్లు మసకబారాలి. కాబట్టి కొత్త బ్యాటరీ ఈ రోగానికి మందు కాదు. డబ్బులు పోతాయి, రోగం ఉంటుంది.

ఆగే చోట్లు మూడే. బ్యాటరీ నుంచి సెల్ఫ్‌కు వచ్చే లావు వైరు, సెల్ఫ్ లోపల సోలనాయిడ్ కాంటాక్టులూ, మోటార్‌కు కరెంటు అందించే కార్బన్ బ్రష్షులూ, ఇంజిన్ నుంచి తిరిగి బ్యాటరీకి వెళ్లే ఎర్త్ దారి. మొదటి రెండూ అందరూ చూస్తారు. మూడోది ఎవరికీ గుర్తుండదు.

ఇంజిన్, గేర్ బాక్స్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటాయి. రబ్బరు గుండా కరెంటు పోదు. అందుకే ఇంజిన్ లేదా గేర్ బాక్స్ నుంచి ఛాసీకి అల్లిన రాగి పట్టీ ఒకటి ఉంటుంది. చాలా పికప్‌లలో అది బెల్ హౌసింగ్ (గేర్ బాక్స్ ఇంజిన్‌తో కలిసే చోటి డొప్ప) బోల్టుల్లో ఒకదాని కింద బిగించి ఉంటుంది. క్లచ్ పనికి గేర్ బాక్స్ దింపేటప్పుడు ఆ బోల్టు విప్పక తప్పదు. తిరిగి ఎక్కించేటప్పుడు పట్టీ పక్కకు వేలాడుతూ ఉండిపోతుంది. లేదా గ్రీజు, తుప్పు, పెయింటు మీదే బిగించేస్తారు. ఆ రోజు బండి స్టార్ట్ అవుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

పట్టీ లేకపోయినా ఎలా స్టార్ట్ అయిందంటే, కరెంటు దొరికిన ఇనుము పట్టుకుని వెళ్లిపోతుంది. యాక్సిలరేటర్ కేబుల్ మీది ఇనుప తొడుగు, డీజిల్ ఇనుప పైపు, ప్రొపెల్లర్ షాఫ్ట్, ఏదైనా సరే. సెల్ఫ్ తిరిగేటప్పుడు లాగే కరెంటు వందల ఆంపియర్లలో ఉంటుంది. సన్నటి కేబుల్ తొడుగు గుండా అంత కరెంటు పారితే అది వేడెక్కి, లోపలి ప్లాస్టిక్ గొట్టం కరిగి, తీగ పట్టేస్తుంది. మీ కేబుల్ ఏడాదిలో రెండుసార్లు ఎందుకు పట్టేసిందో నేను ఇక్కడ కూర్చునే పందెం కాస్తాను. ఈసారి పొద్దున తాళం తిప్పినప్పుడు, పక్కన ఒకరిని నిలబెట్టి, వెంటనే ఆ కేబుల్‌ను చేత్తో తాకి చూడమనండి. గోరువెచ్చగా తగిలినా చాలు. జాగ్రత్త, కాలేంత వేడి కూడా ఉండొచ్చు.

మరి పొద్దున్నే ఎందుకు, వేడి మీద ఎందుకు కాదు? రాత్రి చల్లబడిన ఇంజిన్ ఆయిల్ చిక్కగా ఉంటుంది, ఇంజిన్ తిప్పడానికి ఎక్కువ కరెంటు కావాలి, చల్లటి బ్యాటరీ ఇచ్చేది కొంచెం తక్కువ. దారిలో అడ్డు 0.02 ఓమ్ ఉందనుకోండి, మామూలు మీటరుకు అది కనపడను కూడా కనపడదు. దాని గుండా 200 ఆంపియర్లు పారాలంటే 4 వోల్టులు అక్కడే తినేస్తుంది. 12లో 4 పోతే సెల్ఫ్‌కు మిగిలేది ఎంత? వేడి ఇంజిన్ తేలిగ్గా తిరుగుతుంది కాబట్టి ఆ మిగిలినదాంతోనే నెట్టుకొస్తుంది. డిసెంబరు, జనవరి నెలల్లో మన హోస్కోటె వైపు తెల్లవారుజామున చలికి ఇది ఇంకా పెరుగుతుంది.

మీటరు లేకుండానే పరీక్ష ఉంది. బండి న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ లాగి, చక్రాలకు చెక్కలు పెట్టండి. లావుపాటి జంపర్ కేబుల్ ఒకటి తీసుకుని ఒక కొస బ్యాటరీ నెగటివ్‌కు, రెండో కొస ఇంజిన్ మీద శుభ్రమైన ఇనుము చోట గట్టిగా పట్టించండి, బ్యాటరీకి దూరంగా. ఇప్పుడు తాళం తిప్పండి. ఝామ్మని తిరిగితే తప్పు ఎర్త్‌లోనే, ఇంకేమీ వెతకక్కర్లేదు. పొద్దున మొరాయిస్తున్నప్పుడే ఇది చెయ్యాలి. బాగా నడుస్తున్న వేళ చేస్తే ఏమీ తెలియదు.

మీటరు ఉంటే ఇంకా మంచిది. బెంగళూరు ఎస్.పి. రోడ్డులో మామూలు మల్టీమీటర్ కొన్ని వందలకు దొరుకుతుంది, మెకానిక్ దగ్గర ఒక్కసారి మోసపోకుండా ఉంటే ఖర్చు తిరిగొస్తుంది. 20 వోల్టుల డీసీ మీద పెట్టండి. రాత్రంతా నిలిపిన బండి బ్యాటరీ 12.6 దగ్గర చూపిస్తే నిండుగా ఉంది, 12.2 అంటే సగం, 11.9కి వచ్చిందంటే దాదాపు ఖాళీ. తర్వాత నల్ల పిన్ను బ్యాటరీ నెగటివ్ సీసపు పోస్టు మీదే ఆనించండి, క్లాంపు మీద కాదు. ఎర్ర పిన్ను సెల్ఫ్ మోటార్ బాడీ మీద. ఒకరు తాళం తిప్పి పట్టుకోవాలి. మీటరు అర వోల్టు దాటితే ఎర్త్ దారి బాగా లేదు. మీ బండిలో రెండు మూడు వోల్టులు చూపినా నేను ఆశ్చర్యపోను. అలాగే ఎర్ర పిన్ను బ్యాటరీ పాజిటివ్ పోస్టు మీద, నల్లది సెల్ఫ్ మీద లావు వైరు వచ్చి కలిసే బోల్టు మీద పెట్టి తిప్పితే పాజిటివ్ వైరు సంగతి తెలుస్తుంది. అక్కడా అర వోల్టే హద్దు.

రెండు వైపులా బాగానే ఉంటే అప్పుడు సెల్ఫ్ లోపలికి వెళ్దాం. సోలనాయిడ్ మీద రెండు లావు బోల్టులు ఉంటాయి. రెండింటి మధ్య మీటరు పెడితే మామూలుగా 12 చూపిస్తుంది, 'టక్' అనగానే సున్నా దగ్గరకు పడిపోవాలి. పడకపోతే లోపలి రాగి కాంటాక్టులు కాలిపోయాయి. పడింది, అయినా మోటార్ తిరగలేదంటే కార్బన్లు అరిగాయి. సెల్ఫ్ బాడీ మీద చిన్న సుత్తితో మెల్లగా తడితే ఆ ఒక్కసారికి తిరగడం కూడా కార్బన్ల గుర్తే. ఈ రెండూ ఆటో ఎలక్ట్రీషియన్ విప్పి మార్చే చిన్న సామాన్లు. ఇంత చిన్న తప్పుకు కొత్త సెల్ఫ్ కొనమనేవాడు మీ జేబు చూసి చెబుతున్నాడని నా అభిప్రాయం.

పట్టీ దొరికాక ఊరికే బిగించకండి. రెండు కొసల దగ్గరా ఛాసీ మీది పెయింటు, తుప్పు ఎమెరీ కాగితంతో గీకి మెరిసే ఇనుము బయటపెట్టండి, స్ప్రింగ్ వాషర్ వేసి బిగించండి, ఆ పైన గ్రీజు లేదా వాజిలీన్ పూయండి. రాగి అల్లిక పచ్చబారి పొడి రాలుతుంటే కొత్తది వేయండి. బ్యాటరీ నెగటివ్ వైరు ఛాసీకి కలిసే చోట కూడా ఇదే పని. ముందు బ్యాటరీ నెగటివ్ క్లాంపు విప్పి పెట్టుకోవడం మర్చిపోకండి. మీ బండిలో నెగటివ్ వైరు ఛాసీకి కాకుండా నేరుగా ఇంజిన్‌కే వెళ్తుంటే నా అనుమానం బలం తగ్గుతుంది, అప్పుడు సోలనాయిడ్ కాంటాక్టులే మొదటి ముద్దాయి.

బ్యాటరీ పొద్దునకల్లా 12.2 కంటే దిగుతోంటే అది వేరే సమస్య. ఆల్టర్నేటర్, మనం డైనమో అనేది, ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 మధ్య ఇవ్వాలి. ఇస్తున్నా దిగుతోందంటే రాత్రి ఎవరో తాగుతున్నారు: పాటల సెట్టు, జీపీఎస్, క్యాబిన్‌లో రంగు లైట్లు.

ఇంక గేర్లు. ఇక్కడ మీరే జవాబు చెప్పేశారు, మెకానిక్ వినలేదు. ఇంజిన్ ఆపినప్పుడు గేర్లన్నీ మెత్తగా పడుతున్నాయంటే గేర్ బాక్స్ లోపల ఫోర్కులు, రాడ్లు, గేర్ల వేగం కలిపి మెత్తగా పడేలా చేసే సింక్రో రింగులు తమ పని చేయగలుగుతున్నాయి. ఇంజిన్ నడుస్తుంటేనే గీరుతోందంటే, పెడల్ తొక్కినా క్లచ్ పూర్తిగా విడిపోవడం లేదు, ప్లేటు ఇంకా ఫ్లైవీల్‌తో కలిసి ఈడ్చుకుంటూ తిరుగుతోంది. తిరుగుతున్న షాఫ్టు మీదకు నిలబడి ఉన్న గేరును తోస్తే గీరక ఏం చేస్తుంది? ఆ కాలపు బళ్లలో చాలావాటికి రివర్స్‌కు సింక్రో ఉండదు, అందుకే ముందు రివర్స్ అరుస్తుంది. బొలేరో పికప్ అయినా, టాటా 207 అయినా ఈ లెక్క మారదు. గేర్ బాక్స్‌నే తప్పుపట్టాలంటే గుర్తులు వేరే ఉంటాయి: ఏదో ఒక్క గేరు మాత్రమే పరుగులో గీరడం, లోడు మీద గేరు తనంతట తాను జారి బయటికి రావడం, న్యూట్రల్‌లో క్లచ్ వదిలితే గుర్రుమని, తొక్కితే ఆగిపోయే శబ్దం. వీటిలో ఒక్కటీ మీరు రాయలేదు.

రెండు మూడుసార్లు తొక్కితే గేరు పడుతోందన్న మాట ఇంకా దారి చూపిస్తోంది. క్లచ్ లైన్లో గాలి ఉన్నా, పెడల్ దగ్గర ఫ్లూయిడ్‌ను తోసే పై మాస్టర్ సిలిండర్ సీలు జారుతున్నా పెడల్ పంపు చేస్తే కాసేపు బలం వస్తుంది. మళ్లీ పాత పనికే వద్దాం: గేర్ బాక్స్ దింపాలంటే, ఆ ఫ్లూయిడ్ బలంతో క్లచ్‌ను విడదీసే కింది స్లేవ్ సిలిండర్ విప్పాలి. దాన్ని పైపుతో సహా పక్కకు వేలాడదీస్తారు, లేదా పైపే ఊడదీస్తారు. తర్వాత గాలి సరిగ్గా తీయకపోతే ఇదే తంటా. వేడి మీద ఎక్కువ కావడానికి కారణం పాత ఫ్లూయిడ్. క్లచ్ లైన్లో ఉండేదీ బ్రేక్ ఫ్లూయిడే, అది గాల్లోని తేమ పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 రకం ఫ్లూయిడ్ 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు, తడి పట్టినది 140కే మరిగిపోవచ్చు. సైలెన్సర్ పైపు పక్కనుంచి క్లచ్ లైను వెళ్లే బండి టిన్ ఫ్యాక్టరీ నుంచి కె.ఆర్. పురం వంతెన దాకా పాక్కుంటూ వెళ్తుంటే ఆ వేడికి లోపల ఆవిరి, గాలి బుడగలు ఉబ్బి పెడల్ తొక్కుడును మింగేస్తాయి.

చూసే పద్ధతి ఇది. బండిని సమంగా ఉన్న చోట నిలిపి, చక్రాలకు చెక్కలు పెట్టి, ఇంజిన్ ఆపి, బండి కింద స్లేవ్ సిలిండర్ రాడ్డు కనపడేలా పడుకోండి. పైన ఒకరు పెడల్ పూర్తిగా తొక్కాలి. రాడ్డు సెంటీమీటరుకు పైగా నిక్కచ్చిగా ముందుకు రావాలి. కొద్దిగా కదిలి ఆగితే గాలి, లేదా ఫ్లూయిడ్ కారడం. స్లేవ్ మీది రబ్బరు తొడుగు కొస ఎత్తి చూడండి, లోపల తడి ఉంటే సీలు పోయింది. క్యాబిన్‌లో పెడల్ వెనక గోడ మీద తడి కారిన చార ఉంటే మాస్టర్ కారుతోంది. రాడ్డు పూర్తిగా వచ్చి, పెడల్ తొక్కి పట్టుకున్న ఒక నిమిషంలో మెల్లగా వెనక్కి పాకుతుంటే, బయట ఎక్కడా తడి లేకపోయినా, మాస్టర్ లోపల జారుతోంది. సీల్ కిట్ వేయొచ్చు కానీ సిలిండర్ గోడ గీతలు పడి ఉంటే కిట్ నిలబడదు, కొత్తదే మేలు.

గాలి తీయడం ఇద్దరి పని. డబ్బాలో ఫ్లూయిడ్ నిండుగా ఉంచుతూ, ఒకరు తొక్కి పట్టుకుంటే ఇంకొకరు స్లేవ్ మీది నిపిల్ అర చుట్టు తిప్పి బుడగలు వదిలి బిగించాలి, ఆ తర్వాతే పెడల్ వదలాలి. నల్లగా మారిన పాత ఫ్లూయిడ్ అంతా బయటికి వచ్చి తేరుకున్న రంగు కనపడేదాకా ఆపొద్దు. ఈ ఫ్లూయిడ్ పెయింటును తినేస్తుంది, ఒలికిన చోట వెంటనే నీళ్లు పొయ్యండి. మూత మీద ఏ డాట్ రాసి ఉంటే అదే వాడండి.

గేర్ ఆయిల్ కూడా ఒకసారి చూడండి, ఎందుకంటే క్లచ్ పని తర్వాత అదీ మార్చి ఉంటారు. మన షెడ్లలో క్రౌన్‌కు, అంటే వెనక ఇరుసు గేర్లకు, పోసే ఆయిలే గేర్ బాక్స్‌లోనూ పోసే అలవాటు ఉంది. సింక్రో రింగులు ఇత్తడివి. క్రౌన్ కోసం చేసిన జీఎల్-5 రకం ఆయిల్‌లో గంధకం, భాస్వరం కలిసిన మందులు ఎక్కువ, కొన్ని రకాలు కాలక్రమాన ఇత్తడిని తినేస్తాయి, పైగా ఆ జారుడుకు రింగు గేరును పట్టి ఆపలేదు. బండితో వచ్చిన మాన్యువల్ పుస్తకం జీఎల్-4 అడిగితే జీఎల్-4 మాత్రమే పొయ్యాలి. తీసిన ఆయిల్‌లో బూడిద లాంటి మెత్తటి ముద్ద డ్రెయిన్ బోల్టు అయస్కాంతానికి పట్టి ఉంటే భయం లేదు. బంగారు రంగు పొడి మెరిస్తే రింగులు అరుగుతున్నాయి. ముక్కలు, సూదులు కనపడితే బేరింగు పోయింది, అప్పుడు ఓవర్‌హాల్ మాట వినాల్సిందే.

ఇవన్నీ సరిచేసినా, స్లేవ్ రాడ్డు పూర్తిగా కదులుతున్నా గేర్లు గీరుతుంటే అప్పుడు గేర్ బాక్స్ దింపడానికి ఒప్పుకోండి. రిలీజ్ ఫోర్కు పగులు, వంగిన క్లచ్ ప్లేటు, ఫ్లైవీల్ మధ్యలో పట్టేసిన పైలట్ బేరింగు చూడాలి. పోయినసారి పైలట్ బేరింగు మార్చారో లేదో పాత బిల్లులో వెతకండి. చవక సామాను కాబట్టే చాలామంది వదిలేస్తారు. విడి సామాను కోసం బెంగళూరు జె.సి. రోడ్డుకు వెళ్లేటప్పుడు పాత సామాను చేతిలో పట్టుకెళ్లి పక్కపక్కన పెట్టి చూసి కొనండి. బండి పేరు చెబితే మూడు రకాల ప్లేట్లు తెచ్చి ముందు పెడతారు, వాటిలో పళ్ల లెక్క ఒకటే ఉన్నా మధ్య హబ్ ఎత్తు తేడా ఉండొచ్చు.

ఈలోగా రోజూ తోసి స్టార్ట్ చేయడం మానేయండి, అందులోనూ లోడుతో. ఇంజిన్ అందుకునేదాకా బ్రేకుకు వాక్యూమ్ ఉండదు, కాలు ఎంత నొక్కినా బండి సులువుగా ఆగదు. వాలు రోడ్డు మీద బండి ముందు వైపు మనుషులను నిలబెట్టి తోయించుకునే పని అసలు వద్దు. జంపర్ కేబుల్ కొని బండిలో పడేసుకోండి. ట్రాఫిక్‌లో ఫస్ట్ పడకపోతే గట్టిగా గుద్దకుండా, పెడల్ పంపు చేసి, ముందు థర్డ్‌లోకి ఆనించి తర్వాత ఫస్ట్‌లోకి లాగండి, రివర్స్‌కూ అంతే.

రేపు పొద్దున మొరాయించినప్పుడు ఎర్త్ వైపు మీటరు ఎంత చూపించింది, స్లేవ్ రాడ్డు ఎంత కదిలింది, నిమిషం పట్టుకుంటే నిలిచిందా పాకిందా, ఈ మూడూ చూసి చెప్పండి. అప్పటిదాకా ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకండి.